ఫోర్ట్ విల్కిన్స్ యాత్ర: సరస్సు ఒడ్డున టెంటు, పక్కనే 1844 నాటి కర్రకోట

ఫ్లోరిడాలోని మయామీ దగ్గర మొదలయ్యే యూఎస్-41 రోడ్డు దాదాపు 1,990 మైళ్లు పైకి వచ్చి, మిచిగన్ ఉత్తర కొసన కాపర్ హార్బర్ ఊరు దాటాక, అడవి మధ్యలో ఒక చిన్న గుండ్రటి మలుపులో ఆగిపోతుంది. ఆ మలుపుకు కాస్త ఇవతలే ఫోర్ట్ విల్కిన్స్ హిస్టారిక్ స్టేట్ పార్క్ ఉంది. ఉత్తరాన లేక్ సుపీరియర్, దక్షిణాన ఫ్యానీ హూ సరస్సు. మధ్యలో అమెరికా సైన్యం 1844లో కట్టుకున్న కోట, దానికి అటూ ఇటూ క్యాంప్‌గ్రౌండ్లు. పిల్లలు టెంటులోంచి లేచి నడుచుకుంటూ కోటలోకి వెళ్లిపోవచ్చు. ఇంత వీలున్న చోట్లు అరుదు.

కానీ ఇది దూరాభారం. ఆ రోజుల్లో ఇక్కడి సైనికులను ఏడిపించింది శత్రువులు కాదు, దూరం. ఇప్పుడు వెళ్లేవాళ్ల ట్రిప్పు చెడేది కూడా దాదాపు ఎప్పుడూ దాని వల్లే. చలిబట్టలు తేలేదనో, కారులో గ్యాస్ (పెట్రోలు) అయిపోయిందనో, టెంటు వేసుకునే సైటు దొరకలేదనో, ఫోన్లో మ్యాప్ తెరుచుకోలేదనో ఇబ్బంది పడతారు. కాబట్టి సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

క్యాంప్‌గ్రౌండ్ సుమారు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా నడుస్తుంది. కోటలో ఆనాటి బట్టలు వేసుకుని, 1870 వేసవిలో ఉన్నట్టే మాట్లాడే మనుషులు ఉండేది మాత్రం సుమారు జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే. వాళ్లు లేకపోతే కోట బోర్డులు చదువుకుంటూ తిరిగే ఖాళీ ఇళ్ల వరసలా అనిపిస్తుంది, ముఖ్యంగా పిల్లలకు. తేదీలు ఏటా కొద్దిగా మారతాయి, బుక్ చేసే ముందు పార్కు పేజీలో ఒకసారి చూసుకోండి.

మా సలహా: జులై చివరి వారం నుంచి ఆగస్టు రెండో వారం మధ్య. అప్పటికి బ్లాక్ ఫ్లైలు అనే కుట్టే ఈగలు పోయి ఉంటాయి, చిన్న సరస్సులో నీళ్లు వేడెక్కి ఉంటాయి, కోటలో మనుషులు ఇంకా ఉంటారు. జూన్ మొదట్లో వెళ్తే చెట్లు పచ్చగా, సైట్లు ఖాళీగా కనిపిస్తాయి కానీ ఈగలు బతకనివ్వవు. ఆకుల రంగుల కోసమైతే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వెళ్లండి. ఆ రాత్రుల్లో టెంటు మీద మంచు పొర కట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

వేసవిలో ఇంకో సంగతి. ఈ పార్కు ఉన్న కీవినా ద్వీపకల్పం ఈస్టర్న్ టైమ్ జోన్‌కు బాగా పడమటి అంచున ఉంది. జూన్ చివర్లో సూర్యాస్తమయం రాత్రి 9:50 ప్రాంతంలో. పూర్తిగా చీకటి పడేసరికి 11 దాటుతుంది. క్యాంపులో నిశ్శబ్దంగా ఉండాల్సిన వేళలు రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా. అంటే ఇంకా వెలుతురు ఉండగానే గొంతులు తగ్గించాలి. చిన్న పిల్లలు ఆ వెలుతురులో పడుకోరు. టెంటు లోపల వేలాడదీయడానికి ఒక ముదురు రంగు దుప్పటి తీసుకెళ్తే పని జరుగుతుంది. చికాగో, మినియాపొలిస్‌ల నుంచి వచ్చేవాళ్లకు దారిలో టైమ్ జోన్ మారి ఒక గంట పోతుందని కూడా లెక్కలో వేసుకోండి.

రిజర్వేషన్, ప్రవేశం

సైట్లు మిచిగన్ డి.ఎన్.ఆర్. (రాష్ట్ర సహజ వనరుల శాఖ) రిజర్వేషన్ వెబ్‌సైటులో, మీరు చేరే తేదీకి సరిగ్గా ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటాయి. ఆగస్టు 1న చేరాలంటే ఫిబ్రవరి 1 ఉదయం కూర్చోవాలి. ముందే లాగిన్ అయి, పార్కు మ్యాపు తెరిచి, మీకు నచ్చిన నాలుగైదు సైట్ల నంబర్లు కాగితం మీద రాసిపెట్టుకోండి. వేసవి శని, ఆదివారాలకు సరస్సు వైపున్న సైట్లు ముందుగా పోతాయి. శుక్రవారం దొరక్కపోతే ఆదివారం చేరి బుధవారం తిరిగొచ్చేలా వెతకండి. అప్పుడు కోటలోనూ రద్దీ తక్కువ.

క్యాంప్‌గ్రౌండ్లు రెండు, ఈస్ట్, వెస్ట్. రెండూ కలిపి సుమారు 160 సైట్లు. రిజర్వేషన్ వెబ్‌సైటులో ఈ రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే, అందరూ ఒకే వైపు బుక్ చేస్తున్నారో లేదో నంబరుతో పాటు ఈస్టా వెస్టా అని కూడా సరిచూసుకోండి. ఇక్కడ పొరపాటు పడితే ఒక కుటుంబం కోటకు ఇవతల, ఒక కుటుంబం అవతల పడుతుంది, అన్నం గిన్నెలు మోసుకుంటూ తిరగాల్సి వస్తుంది. చెక్-ఇన్ మధ్యాహ్నం 3కి, ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం 1కి.

సైటు అద్దె కాక కారుకు రిక్రియేషన్ పాస్‌పోర్ట్, అంటే స్టేట్ పార్కుల ప్రవేశ పాస్ ఉండాలి. ఇది మనిషిని బట్టి కాదు, నంబరు ప్లేటును బట్టి. మిచిగన్ ప్లేటు ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్ అప్పుడే తక్కువ ధరకు తీసుకోవచ్చు, అప్పుడు ప్లేటు మీది స్టిక్కరులో ‘పి’ అనే అక్షరం ఉంటుంది. వేరే రాష్ట్రపు ప్లేటు ఉంటే రోజువారీ పాస్ గానీ, ఏడాది పాస్ గానీ కొనాలి. మీరు డెట్రాయిట్‌లోనే ఉంటున్నా, అద్దె కారుకు ఇల్లినాయ్ ప్లేటు ఉంటే బయటి రాష్ట్రం లెక్కే. కోట చూడ్డానికి వేరే టికెట్టు లేదు.

దారి

డెట్రాయిట్ నుంచి దాదాపు 600 మైళ్లు, పది గంటల డ్రైవింగ్. మధ్యలో 1957లో తెరిచిన, అయిదు మైళ్ల పొడవున్న మ్యాకినా వంతెన దాటతారు. వంతెన తర్వాత కూడా 300 మైళ్లు పైనే మిగిలి ఉంటుంది. ‘బ్రిడ్జి దాటాం కదా, వచ్చేశాం’ అనుకోవడం చాలామంది చేసే తప్పు. చికాగో నుంచి సుమారు 470 మైళ్లు. ఒక్క రోజులో నడపగలిగినా, చేరేసరికి సంధ్యవేళ అవుతుంది. అదే జింకలు రోడ్డెక్కే వేళ. జింక ఎదురొస్తే గట్టిగా బ్రేకు వేయండి, స్టీరింగు మాత్రం పక్కకు తిప్పొద్దు. ప్రాణాలు పోయేది ఎక్కువగా జింకను తప్పించబోయి చెట్టును కొట్టినప్పుడే. వీలైతే దారిలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు మధ్యాహ్నానికి చేరండి.

హోటన్ ఊరు చివరి పెద్ద మజిలీ. అక్కడి నుంచి కాపర్ హార్బర్ 47 మైళ్లు, గంట ప్రయాణం. హోటన్‌లోనో, దాటాక క్యాల్యుమెట్‌లోనో గ్యాస్ ట్యాంకు నిండా పోయించండి. కూరగాయలు, పాలు, పెరుగు, మందులు కూడా అక్కడే కొనండి. కాపర్ హార్బర్ చాలా చిన్న ఊరు, అవసరమైంది దొరుకుతుందని నమ్ముకుని వెళ్లొద్దు. ఆసుపత్రి కావాలన్నా లారియం, హ్యాంకాక్‌ల దాకా వెనక్కి రావాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. హోటన్ దాటకముందే మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, రిజర్వేషన్ పేజీని ఫొటోగా సేవ్ చేసుకోండి.

చివరి పది మైళ్లు రోడ్డుకు రెండు వైపులా చెట్లు పైన కలుసుకుని గొడుగు పట్టినట్టుంటాయి. మలుపులు ఎక్కువ, కార్లలో కడుపు తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి.

టెంటు, పక్క, కరెంటు

సైట్ల నేల చాలాచోట్ల గట్టిగా అణిచిన కంకరలా ఉంటుంది. టెంటుతో పాటు వచ్చే సన్నటి మేకులు రెండు దెబ్బలకే వంగిపోతాయి. 10 అంగుళాల ఉక్కు మేకులు పది, ఒక సుత్తి తీసుకెళ్లండి. టెంటు కింద పరిచే పట్టా టెంటు అంచు బయటకు ఒక్క అంగుళం కూడా రాకూడదు. బయటకు వస్తే దాని మీద పడ్డ వాన నేరుగా టెంటు అడుగుకు చేరి నిలుస్తుంది, తెల్లారేసరికి పక్కలు తడుస్తాయి. పట్టా పెద్దదైతే అంచులు లోపలికి మడవండి.

ఆగస్టులో కూడా రాత్రి ఉష్ణోగ్రత 40ల ఫారన్‌హీట్‌కు దిగొచ్చు. స్లీపింగ్ బ్యాగు 30 డిగ్రీలదైతే మేలు. 50 డిగ్రీలని రాసి ఉన్నది చాలదు, ఆ అంకె హాయిగా నిద్రపోయే హద్దు కాదు, తట్టుకోగలిగే హద్దు. చాలామంది మర్చిపోయేది కింది వైపు చలి. ఇంట్లో చుట్టాలొస్తే వేసే గాలి పరుపు ఇక్కడ పనికిరాదు. దాని లోపలి గాలి నేల చల్లదనాన్ని ఒంటికి అందిస్తూనే ఉంటుంది. ఆర్-విలువ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 3 లేదా పైన ఉన్న క్యాంపింగ్ ప్యాడ్లు వాడండి, లేదా గాలి పరుపు మీద మందపాటి బొంత వేసి దాని మీద పడుకోండి. చలి కదా అని టెంటు కిటికీలన్నీ బిగించొద్దు. ఊపిరిలోని తేమ పైకప్పుకు పట్టి నడిరాత్రి చినుకుల్లా రాలుతుంది. పైన రెండు కిటికీలు సగం తెరిచి ఉంచండి. స్టవ్వు, బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితుల్లోనూ టెంటులోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక కరెంటు సైటు దొరికినవాళ్ల సంగతి. మన ఇళ్లవాళ్లు రైస్ కుక్కరు, ఇండక్షన్ స్టవ్వు రెండూ తెస్తారు. రెండూ ఒకేసారి పెడతారు, బ్రేకరు పడిపోతుంది. లెక్క ఇది. 20 ఆంప్ సాకెట్టు 120 వోల్టుల దగ్గర 2,400 వాట్లు ఇస్తుంది, కానీ ఎక్కువసేపు వాడేటప్పుడు దాంట్లో 80 శాతం, అంటే 1,920 వాట్లు దాటకూడదు. ఇండక్షన్ పూర్తి మంట మీద 1,800 వాట్లు తింటుంది. రైస్ కుక్కరు 500 నుంచి 700. కాబట్టి ముందు అన్నం వండి, కుక్కరు తీసేసి, అప్పుడు కూర పెట్టండి. లేదా ఇండక్షన్‌ను 1,000 వాట్లకు తగ్గించి రెండూ నడపండి.

కరెంటు స్తంభం సైటు మూలలో ఉంటుంది కాబట్టి 50 అడుగుల తీగ కావాలి. అది 12 గేజ్‌ది (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు), ఆరుబయట వాడేదై ఉండాలి. ఇంట్లో దీపాలకు వాడే 16 గేజ్ తీగ ఇండక్షన్ లోడుకు వేడెక్కుతుంది, చుట్ట విప్పకుండా అలాగే వదిలేస్తే కరిగిపోతుంది కూడా. స్తంభంలో 30 ఆంప్ సాకెట్టు ఒక్కటే ఉంటే మామూలు ప్లగ్గు అందులో పట్టదు, అడాప్టరు కావాలి. అడాప్టరు వాడినప్పుడు ఇంకా జాగ్రత్త. అక్కడి బ్రేకరు 30 ఆంప్‌ల దాకా ఊరుకుంటుంది, మీ తీగ మాత్రం 15 ఆంప్‌లదే. బ్రేకరు పడలేదు కదా అని లోడు పెంచుకుంటూ పోతే తీగ కాలుతుంది.

కట్టెలు ఇంటి నుంచి తేవద్దు. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు మిచిగన్ అంతటా పాకింది ఎక్కువగా ఇలా మోసుకొచ్చిన కట్టెలతోనే. అక్కడే కొనండి. మంట ఇనుప చట్రంలోనే వేయాలి, పడుకోబోయే ముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేతి వెనక భాగానికి వేడి తగలనంత వరకు ఆర్పాలి.

ఎలుగులు ఉన్న అడవి ఇది. ఊరగాయ సీసా, పచ్చళ్లు, పళ్లు, పిల్లల చాక్లెట్లు, చివరికి టూత్‌పేస్టు కూడా రాత్రిపూట కారులోనే ఉండాలి, అద్దాలు పూర్తిగా ఎత్తి. గిన్నెలు అప్పుడే కడిగేయండి. పొద్దున్న చూసుకుందామని పెట్టిన పోపు గిన్నె వాసన ఎంత దూరమైనా వెళ్తుంది, ఎలుగు రాకపోయినా రకూన్లు తప్పకుండా వస్తాయి.

కోటను ఎలా చూడాలి

దీనికి రెండు సార్లు వెళ్లండి. మొదటిసారి పొద్దున్నే, జనం రాకముందు, పిల్లలు లేకుండా కూడా సరే. రెండోసారి పగలు, ఆనాటి వేషాల్లో మనుషులు వచ్చాక. ఒక్కసారికే అయితే రెండింటిలో ఏదో ఒకటి తప్పిపోతుంది. మొదటి నడకకు గంట, రెండోదానికి కనీసం రెండు గంటలు ఉంచుకోండి.

ముందు ఇది ఎందుకు కట్టారో తెలిస్తే చూసేవి అర్థమవుతాయి. 1842 లా పాయింట్ ఒప్పందంతో ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజల నుంచి ఈ ప్రాంతం అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లింది. రాగి ఉందన్న మాట పాకగానే జనం విరగబడ్డారు. గనుల కోసం వచ్చినవాళ్లకూ, ఓజిబ్వే వాళ్లకూ మధ్య గొడవలు వస్తాయన్న అనుమానంతో 1844 మే చివర్లో రెండు కంపెనీల సైనికులను ఇక్కడ దించారు. అప్పటి యుద్ధ మంత్రి విలియం విల్కిన్స్ పేరే కోటకు పెట్టారు. గొడవలు రాలేదు. ఈ కోట మీద ఎవరూ దాడి చేయలేదు, ఇక్కడ యుద్ధమే జరగలేదు. రెండేళ్లు తిరిగేసరికి 1846లో మెక్సికో యుద్ధం రావడంతో అందరినీ అటు పంపేశారు, కాపలాకు ఒక సార్జెంటు మిగిలాడు. అంతర్యుద్ధం ముగిశాక 1867 నుంచి 1870 దాకా మళ్లీ సైన్యం ఉంది. తర్వాత కోట పాడుపడింది. 1923లో స్టేట్ పార్క్ అయింది, 1930లలో నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద బాగుచేశారు.

కాబట్టి ఫిరంగులు, బురుజులు వెతుక్కుంటూ వెళ్తే నిరాశే మిగులుతుంది. చూడాల్సింది సామాన్ల గిడ్డంగిని, రొట్టెల బట్టీని, ఆసుపత్రిని, వంటశాలను, సైనికులు పడుకునే గదులను. ఓడలను జలపాతాలు దాటించి సుపీరియర్‌లోకి పంపే సూ లాక్స్ కాలువ తెరుచుకున్నది 1855లో. అంతకుముందు సుపీరియర్‌లోకి ఏ సరుకు రావాలన్నా సూ సెయింట్ మరీ దగ్గర ఓడ దించి, జలపాతాల పక్కన నేల మీద మోసి, మళ్లీ ఇంకో ఓడ ఎక్కించాలి. చలికాలం వస్తే ఆ ఓడలూ లేవు. వసంతం దాకా గిడ్డంగిలో ఉన్నదే తిండి. ఉప్పు పట్టించిన పంది మాంసం, చిక్కుడు గింజలు, రొట్టె, కాఫీ. ఆ గిడ్డంగి గుమ్మంలో నిలబడి, అక్కడున్న పీపాలను ఆరు నెలలకు భాగించి చూడమని పిల్లలకు చెప్పండి. కోట వాళ్లకు అప్పుడు ఒక్కసారిగా అర్థమవుతుంది.

ఇప్పుడున్న 19 కట్టడాల్లో 12 ఆ 1840ల నాటి అసలువే. మిగిలినవి తర్వాత తిరిగి కట్టినవి. ఏది ఏదో కనిపెట్టడం మంచి ఆట. గోడల మూలల దగ్గర ఆగి, దుంగ దుంగలో ఎలా దిగిందో, గొడ్డలితో చెక్కిన గాట్లు ఎంత అసమానంగా ఉన్నాయో చూడండి. తర్వాత బోర్డు చదివి సరిచూసుకోండి. ముందు బోర్డు చదివేస్తే కళ్లు పని చేయవు. చుట్టూ ఉన్న కర్ర ప్రాకారం మాత్రం పునర్నిర్మాణమే.

కోట ప్రాకారం బయట, పెళ్లయిన సైనికుల చిన్న ఇళ్లు ఉన్నాయి. చాలామంది అటు వెళ్లరు. మాకు మాత్రం మొత్తం కోటలో విలువైన చోటు అదే. ఆనాటి సైన్యంలో ఒక్కో కంపెనీకి నలుగురు చాకలి స్త్రీలను అనుమతించేవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది సైనికుల భార్యలే. వాళ్లకు సైన్యం రేషను ఇచ్చేది, బట్టలు ఉతికినందుకు సైనికుల దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు. ఈ చలిలో, ఈ నీళ్లతో. సరస్సు దగ్గరకు వెళ్లి చెయ్యి ముంచి వచ్చి, మళ్లీ ఆ ఇంట్లో నిలబడి చూడండి.

వేషాల్లో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉంది. వాళ్లు 1870లోనే ఉంటారు. ‘ఇది ఎప్పుడు కట్టారు, ఎన్నేళ్లయింది’ అని అడిగితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ‘ఇవాళ ఏం వండుతున్నారు’, ‘జీతం ఎప్పుడు అందుతుంది’, ‘ఇంటికి ఉత్తరం రాస్తే ఎన్నాళ్లకు చేరుతుంది’ అని అడగండి, అర గంట మాట్లాడతారు. పిల్లలకు తలా రెండు ప్రశ్నలు రాత్రే తయారుచేయించి తీసుకెళ్తే ఇంకా బాగుంటుంది.

ఫొటోల కోసం ఒక మాట. లోపల చీకటిగా ఉంటుంది. అద్దం వెనక ఉన్న గదులను తీసేటప్పుడు ఫ్లాష్ వేస్తే అద్దంలో మీరే పడతారు. లెన్సును అద్దానికి ఆనించి, ఫ్లాష్ ఆపేసి తీయండి. నేల మీద కనిపించే పాత మేకు, గాజు ముక్క ఏదైనా సరే చోటు కదపొద్దు. అది ఎక్కడ పడి ఉందన్నదే పురావస్తువాళ్లకు సమాచారం.

ఫ్యానీ హూ ఎవరన్నది అందరికీ వచ్చే ప్రశ్న. ఆమె కోటలోని ఒక అధికారి భార్యకు చెల్లెలు, అక్కను చూడ్డానికి వచ్చింది. ఈ సరస్సులో మునిగిపోయిందనీ, అడవిలో తప్పిపోయిందనీ కథలు చెబుతారు. నిజానికి ఆమె క్షేమంగా వర్జీనియా తిరిగి వెళ్లి, పెళ్లి చేసుకుని, చాలా ఏళ్లు బతికింది. చలిమంట దగ్గర పిల్లలకు ముందు కథ చెప్పండి, తర్వాత నిజం చెప్పండి.

రెండు నీళ్లు

ఈతకు ఫ్యానీ హూ సరస్సు, చూడ్డానికి సుపీరియర్. ఈ తేడా ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి. సుపీరియర్ నీళ్లు జులైలో కూడా 50ల ఫారన్‌హీట్‌లో ఉండొచ్చు. ఒక్కసారిగా పడితే మొదట ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ క్షణంలో నోట్లోకి నీళ్లు పోవడమే అసలు ప్రమాదం. కాసేపటికి చేతులు, కాళ్లు మాట వినవు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఇలాగే మునుగుతారు. పిల్లలను మోకాళ్ల లోతు దాటనివ్వద్దు, అలలు ఉన్న రోజు ఒడ్డు రాళ్ల మీదకే వెళ్లనివ్వద్దు. తడిసిన ఆ రాళ్లు నాచుతో జారతాయి.

ఫ్యానీ హూ దాదాపు రెండు మైళ్ల పొడవు, నీళ్లు దానికంటే వెచ్చన. ఇక్కడా లైఫ్‌గార్డులు ఉండరు. కయాక్ వేసుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం గాలి లేచేలోపు తిరిగి రండి. సరస్సు తూర్పు పడమరలుగా సాగి ఉంది కాబట్టి, పడమటి గాలి వీస్తే పోయేటప్పుడు తేలిగ్గా తోసుకుపోయి, తిరిగి రావడానికి చచ్చేంత పని అవుతుంది. గాలికి ఎదురు బయలుదేరి, గాలితో తిరిగి రండి. మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి, ఆరేళ్లలోపు పిల్లలకు వేసి తీరాలని మిచిగన్ చట్టం. చేపలు పట్టాలంటే 17 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు కావాలి, సిగ్నల్ ఉన్న చోటే ఆన్‌లైన్‌లో కొనేసుకోండి.

ఈగల గురించి: బ్లాక్ ఫ్లైలు చెవుల వెనక, జుట్టు మొదళ్లలో కుడతాయి. లేత రంగు పొడుగు చేతుల చొక్కా, తల మీద దోమతెర మందుల కంటే నయం. వేడి రోజున దక్షిణపు గాలి వీస్తే సుపీరియర్ ఒడ్డుకు స్టేబుల్ ఫ్లైలు వస్తాయి. మామూలు ఈగల్లాగే ఉండి చీలమండల దగ్గర కుడతాయి, దోమల మందును పెద్దగా లెక్కచేయవు. ఆ రోజు మేజోళ్లు వేసుకుని అడవి దారి పట్టడమే మార్గం.

చుట్టుపక్కల

రెండో రోజు మధ్యాహ్నం నుంచి వీటికి పెట్టుకోవచ్చు. బ్రాక్‌వే మౌంటెన్ డ్రైవ్ 1933లో, గనులు మూతపడి పనిలేక ఉన్నవాళ్లకు కూలి ఇప్పించడానికి వేసిన కొండ రోడ్డు, దాదాపు తొమ్మిది మైళ్లు. శిఖరం సుపీరియర్ నీటి మట్టానికి సుమారు 720 అడుగుల పైన. సూర్యాస్తమయానికి గంట ముందు చేరండి, జాకెట్ తప్పనిసరి, గాలి నిలబడనివ్వదు. ఎస్టివాంట్ పైన్స్‌లో నరకకుండా మిగిలిన తెల్ల పైన్ చెట్లున్నాయి, కొన్ని 300 ఏళ్లు దాటినవి. వేళ్లు, బురద ఉన్న కాలిబాట కాబట్టి చెప్పులతో వెళ్లొద్దు. రేవుకు అవతల కనిపించేది 1866 నాటి కాపర్ హార్బర్ లైట్‌హౌస్. యూఎస్-41 కొసనున్న బోర్డు దగ్గర ఫొటో దిగడానికి పది నిమిషాలు చాలు. ఆ మలుపు తర్వాత మట్టి దారి ఉంది, 1964 నుంచి 1971 దాకా వాతావరణ పరిశోధన రాకెట్లు ప్రయోగించిన చోటికి పోతుంది. అది ఎత్తయిన బండ్లకు మాత్రమే, సెడాన్ కారు గుంటల్లో దిగబడుతుంది. అక్కడ సాయం పిలవడానికి ఫోనూ పలకదు.

రాత్రి మేలుకునే ఓపిక ఉంటే ఆకాశం కోసం వెళ్లండి. కాపర్ హార్బర్ దగ్గరే, చీకటి ఆకాశాన్ని కాపాడే చోటుగా 2022లో గుర్తింపు పొందిన కీవినా డార్క్ స్కై పార్క్ ఉంది. చాలామంది క్యాంపులోని సరస్సు ఒడ్డున కూర్చుని నార్తర్న్ లైట్ల (ఉత్తర ధ్రువ కాంతుల) కోసం చూస్తారు, కనిపించవు. అక్కడ మీ ముఖం దక్షిణానికి ఉంటుంది. రోడ్డు దాటి సుపీరియర్ వైపు ఒడ్డుకు వెళ్లి, ఉత్తరపు దిక్కుకు తిరిగి కూర్చోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ తెర చూడకుండా 20 నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు చేయండి. మొదట తెల్లటి మబ్బు చారలా కనిపిస్తే తీసిపారేయకండి, ఫోన్ కెమెరాతో అయిదు సెకన్ల ఎక్స్‌పోజర్ తీసి చూడండి. తెరలో ఆకుపచ్చగా పడితే అవే. వెంటనే టెంటుకు వెళ్లి పిల్లలను లేపండి.